మెదడులో రక్తస్రావమైన మనిషి వెంట ఆసుపత్రికి వెళ్లేవారికి

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, మాట తడబడడం, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవడం, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ మనిషి చివరిసారిగా బాగున్న సమయాన్ని కాగితం మీద రాసుకోవాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో మంచినీళ్లు కూడా పోయకూడదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పక్షవాతమనుకుని పసరు వైద్యానికి తీసుకువెళ్లడం, ఆస్పిరిన్ మింగించడం రెండూ ప్రమాదమే. మెదడులో రక్తం గడ్డకట్టిందో రక్తనాళం చిట్లిందో సీటీ స్కాన్ తీస్తే తప్ప తేలదు. మొదటిదానికి పనిచేసే మందు రెండోదానిలో ప్రాణం తీయగలదు.

ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. గుండె కవాటం మార్చినవారు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, ఆ సంగతి తెలిసిన వెంటనే వైద్యులు విరుగుడు ఇవ్వగలరు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వెళ్లేవారు చాలామంది ఉన్నారు. డయాలసిస్ చేసేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా హెపారిన్ అనే మందు ఇస్తారు కాబట్టి, చివరిసారి ఎప్పుడు జరిగిందో ఎవరూ అడగకపోయినా చెప్పండి.

శ్రీకాకుళం నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పెద్దాసుపత్రికి పంపుతామన్నప్పుడు, అక్కడ న్యూరోసర్జన్, ఐసీయూలో పడక ఉన్నాయని ఫోన్లో రూఢి చేయించుకుని, స్కాన్ ఫిల్ములు, రిఫరల్ చీటీ తీసుకుని, దారిలో బీపీ, శ్వాస చూసేవారున్న అంబులెన్సులోనే బయలుదేరాలి. మా నాన్నగారిని తరలించిన రాత్రి ఆ కంగారులో ఫిల్ములు మొదటి ఆసుపత్రిలోనే వదిలేశాం. మళ్లీ స్కాన్ తీసేదాకా గుమ్మం బయట నిలబడిన ఆ సమయం నన్నింకా బాధపెడుతూనే ఉంది. ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కోసం రేషన్ కార్డు, ఆధార్ దగ్గరుంచుకోవాలి.

ఐసీయూలో చేర్చాక వైద్యులతో మాట్లాడే బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించి, వారు చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకోవడం మంచిది. బావ ఒకటి, పెద్దనాన్న మరొకటి విని వస్తే సంతకం పెట్టాల్సిన వేళ ఇల్లంతా రెండుగా చీలుతుంది. రక్తం ఎక్కడ, ఎంత చేరింది, మెదడులోని నీటి గదుల్లోకి వెళ్లిందా, బీపీ అదుపులోకి వచ్చిందా, స్పృహ స్కోరు ఎంత అని రోజూ అడగండి. ఆ స్కోరు 3 నుంచి 15 వరకు ఉంటుంది, ఎక్కువుంటే స్పృహ బాగున్నట్టు. ఒక్కరోజు అంకె కంటే అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ముఖ్యం. రక్తస్రావం మొదటి రోజు పెరగవచ్చు, వాపు ఆ తర్వాత కొన్ని రోజులు పెరగవచ్చు. అందుకే "బతుకుతారా లేదా" అని తొలి గంటల్లోనే ఖాయంగా తేల్చమని వైద్యులను ఒత్తిడి చేయవద్దు.

ఆపరేషన్ అందరికీ అవసరం రాదు. చేద్దామన్నప్పుడు మాత్రం, అది ప్రాణం నిలపడానికా, కాలూ చెయ్యీ తిరిగి రావడానికా, ప్రాణం నిలబడితే ఆ మనిషి ఏ స్థితిలో ఉండవచ్చు అని విడివిడిగా అడిగి, అర్థమయ్యాకే సంతకం చేయండి. ఊరి నుంచి ఆటోల్లో వచ్చే బంధువులను వంతులవారీగా రమ్మనండి. లోపలికి వెళ్లినవారు చేతులు కడుక్కుని, చేయి పట్టుకుని, పేరు పెట్టి పిలిచి మాట్లాడండి. కళ్లు తెరవనంత మాత్రాన వినబడదని ఎవరూ చెప్పలేరు.

ఇంటికి పంపే ముందు, ముక్కు గొట్టంలో ఆహారం పోయడం, తలవైపు ఎత్తిపెట్టడం, పుండ్లు పడకుండా రెండేసి గంటలకు పక్క మార్చడం నర్సు ఎదుటే మీ చేతులతో చేసి చూపించి, తప్పులు దిద్దించుకోండి.