పొగలో మగ్గించే బార్బెక్యూ రెస్టారెంట్‌కు ఎప్పుడు వెళ్లాలి, ఏమి అడగాలి, ఎలా రుచి చూడాలి

బార్బెక్యూ రెస్టారెంట్‌కు వెళ్లి నిరాశతో తిరిగి వచ్చినవారి మాటలు వింటే దాదాపు ఒకే రకం ఫిర్యాదులు వినిపిస్తాయి. మాంసం ఎండిపోయిందని, లోపల గులాబీ రంగు కనిపించింది కాబట్టి సరిగా ఉడకలేదని, రాత్రి వెళ్తే కోరుకున్నది అయిపోయిందన్నారని, నాలుగు ముక్కలకు అంత బిల్లు వేశారని అంటారు. వీటిలో కొన్ని నిజంగా వంటశాల తప్పులే. మిగిలినవి ఈ వంట తీరు తెలియక పొరపాటుగా తప్పులనిపించేవి. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలిసినవారికి అదే రెస్టారెంట్‌లో, అదే డబ్బుకు మెరుగైన పళ్లెం దక్కుతుందని నా నమ్మకం.

ఇక్కడ చెబుతున్నది నిప్పుల సెగ మీద నిమిషాల్లో కాల్చే మాంసం గురించి కాదు. మూత వేసిన పొయ్యిలో, సుమారు 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ వేడిలో, కట్టెల పొగ తగులుతూ గంటల తరబడి మగ్గే మాంసం గురించి. బ్రిస్కెట్ అనే ఆవు రొమ్ము భాగం బాగా పనిచేసే కండరం కావడం వల్ల త్వరగా కాలిస్తే తోలులా సాగుతుంది. దానిలోని కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ కరిగి మెత్తటి జెలటిన్‌గా మారితేనే మెత్తబడుతుంది, అందుకు మాంసం లోపలి వేడి 90 డిగ్రీలు దాటవలసి ఉంటుంది. తక్కువ మంట మీద అక్కడికి చేరడానికి పెద్ద ముక్కకు 10 నుంచి 16 గంటలు పట్టవచ్చు.

వెళ్లవలసిన సమయం ఈ గంటల లెక్కను బట్టే తేలుతుంది. మధ్యాహ్నం వడ్డించే బ్రిస్కెట్ ముందు రోజు రాత్రే పొయ్యి ఎక్కి ఉంటుంది, అంటే ఎంత వండాలో మీరు రాకముందే నిర్ణయమైపోయింది. అయిపోయాక అప్పటికప్పుడు ఇంకొకటి వండి పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. అందువల్ల "అయిపోయింది" అనే బోర్డును నిర్లక్ష్యంగా భావించవద్దు. నిన్నటి మాంసాన్ని మళ్లీ వేడి చేసి ఇవ్వడం కంటే అది ఎంతో నిజాయితీ గల పద్ధతి. తెరిచిన తరువాత మొదటి గంట, రెండు గంటల్లో వెళ్లడం అన్నిటికంటే మేలు. సాయంత్రమే వీలైతే ముందుగా ఫోన్ చేసి ఏవేవి మిగిలాయో, రిబ్స్ (పక్కటెముకల మాంసం) రెండో విడత ఎప్పుడు దిగుతుందో అడగండి. పక్కటెముకలు ఐదారు గంటల్లో సిద్ధమవుతాయి కాబట్టి కొన్ని వంటశాలలు వాటిని సాయంత్రానికి మళ్లీ వేస్తాయి, అలాంటి చోట రాత్రి భోజనానికి బ్రిస్కెట్ కంటే రిబ్స్ నమ్మదగినవి.

పొయ్యి నుంచి దించిన మాంసం 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచే పెట్టెలో, చుట్టి ఉంచితే, కొన్ని గంటలు చక్కగా నిలుస్తుంది. ముక్కలుగా కోశాక మాత్రం నిమిషాల్లోనే ఆరిపోతుంది. కౌంటర్ దగ్గర అడగవలసిన మొదటి మాట ఇదే: "ఇప్పుడు కోసి ఇస్తారా?" ముందే కోసి ట్రేలో పరిచి పెట్టినది చూస్తే నేను బ్రిస్కెట్ జోలికి వెళ్లను, పీచులుగా తీసిన పంది మాంసం గానీ సాసేజ్ గానీ తీసుకుంటాను.

రెండో మాట ఏ భాగం కావాలన్నది. బ్రిస్కెట్‌లో రెండు కండరాలు ఉంటాయి, ఒకటి పలుచగా, కొవ్వు తక్కువగా ఉండేది, మరొకటి మందంగా, కొవ్వు నిండుగా ఉండేది. ఏమీ చెప్పకపోతే కోసేవారు తమకు వీలైనది ఇస్తారు. మొదటిసారి తినేవారు రెండు వైపుల నుంచీ ఒక్కొక్క ముక్క అడిగి చూడడం మంచిది. చాలా చోట్ల తూకం మీద అమ్ముతారు. శుభ్రం చేసినప్పుడు కోసేసే కొవ్వు, వండేటప్పుడు ఆవిరయ్యే నీరు కలిపితే పచ్చి బరువులో చాలా భాగం పోతుంది, మీరు డబ్బు ఇచ్చేది మిగిలినదానికి. ధర ఎక్కువగా అనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. మనిషికి 150 నుంచి 225 గ్రాముల మాంసం సరిపోతుంది. మొదట తక్కువ తీసుకుని, నచ్చినదాన్ని రెండోసారి అడగడం వల్ల వృథా తగ్గుతుంది, ముక్క వేడిగానూ ఉంటుంది.

ఆహార నియమాలు ఉన్నవారు మరొకటి తప్పక అడగాలి. చిక్కుడు గింజల కూర, ఆకుకూర వంటి పక్క వంటకాల్లో కూడా మాంసపు ముక్కలు వేయడం ఈ వంటశాలల్లో పరిపాటి. ఆవు మాంసాన్నీ పంది మాంసాన్నీ ఒకే చెక్క మీద, ఒకే కత్తితో కోయడం కూడా మామూలే. మెనూలో ఈ సంగతి రాసి ఉండకపోవచ్చు, అడిగితే మాత్రం చెబుతారు.

పళ్లెం వచ్చాక మొదటి ముద్ద సాస్ లేకుండా తినండి. ముక్క అంచు లోపల కనిపించే గులాబీ గీతను చూసి కంగారుపడనవసరం లేదు. కట్టె మండేటప్పుడు వెలువడే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులు మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో కలవడం వల్ల ఆ రంగు నిలిచిపోతుంది. అది పచ్చిదనానికి గుర్తు కాదు, అలాగని రుచికి హామీ కూడా కాదు. బ్రిస్కెట్ ముక్కను ఒక చివర పట్టుకుని పైకెత్తి చూడండి: తన బరువుకు తెగిపోకుండా వంగి వేలాడుతూ, మెల్లగా లాగితే విడిపోవాలి. లాగినా విడిపోకపోతే ఇంకా ఉడకవలసింది, ఎత్తగానే పొడిపొడిగా రాలితే ఉడకడం మితిమీరింది. రిబ్స్ విషయంలో ఎముక నుంచి మాంసం జారిపోవడమే గొప్పతనమని చాలామంది అనుకుంటారు, బార్బెక్యూ వంట పోటీల్లో మాత్రం దానిని ఎక్కువ ఉడికినట్టుగా పరిగణిస్తారు. కొరికిన మేరకే మాంసం ఊడి వచ్చి, పంటి గుర్తు చక్కగా నిలవాలి. కోడి మాంసం సంగతి వేరు, ఇక్కడ అనుమానం వస్తే ఊరుకోకూడదు. ఎముక దగ్గరి గులాబీ రంగు పొగ వల్ల కావచ్చు గానీ, కీలు దగ్గర మాంసం జిగురుగా, మెరుస్తూ ఉంటే తినడం ఆపి, లోపలి వేడి 74 డిగ్రీలకు చేరిందో లేదో థర్మామీటర్‌తో చూడమని అడగండి.

పొగ రుచికి కూడా ఒక కొలత ఉంది. మంచి మంట నుంచి వచ్చే పొగ పలుచగా ఉండి, మాంసం రుచి వెనుక తీయని కట్టె వాసనలా తెలుస్తుంది. గాలి సరిగా ఆడక కమిలిన కట్టె దట్టమైన తెల్లటి పొగ వదిలితే చేదు, నాలుక మొద్దుబారినట్టు ఉండడం మిగులుతాయి. ఆ చేదును "ఘాటైన పొగ రుచి" అని సరిపెట్టుకోవలసిన పని లేదు, అది మంటను కాచుకోవడంలో జరిగిన లోపం.

సాస్‌ను పక్కన పెట్టమనండి. అమెరికాలో ఈ వంట పెరిగిన ప్రాంతాలను బట్టి సాస్‌ల తీరు మారుతుంది: నార్త్ కరోలినా తూర్పు భాగంలో వెనిగర్, మిరప కలిపిన పలుచటిది, సౌత్ కరోలినాలో ఆవపిండితో చేసినది, కాన్సస్ సిటీలో టమాటాతో చిక్కగా, తియ్యగా చేసినది, ఉత్తర అలబామాలో కోడి మాంసానికి మయొన్నైస్, వెనిగర్ కలిపిన తెల్లటిది. పుల్లటి సాస్ కొవ్వు ఎక్కువ ఉన్న పంది మాంసానికి బాగా నప్పుతుంది. తియ్యటిది రిబ్స్‌కు బాగుంటుంది. మంచి బ్రిస్కెట్‌కు నేను ఏదీ వేసుకోను.

లోపం కనిపిస్తే సగం తినకముందే చెప్పండి. ఒకసారి నాకు బ్రిస్కెట్ అంచు వైపు నుంచి కోసిన ఎండు ముక్కలు వచ్చాయి. పళ్లెం పట్టుకుని కౌంటర్ దగ్గరకు వెళ్లి, కొవ్వు ఉన్న వైపు నుంచి మార్చగలరా అని అడిగాను. కోసే ఆయన ముక్కను వేళ్లతో నొక్కి చూసి, మారుమాట లేకుండా వేరే భాగం కోసి ఇచ్చారు. "బాగా లేదు" అనే మాట కంటే "ఎండిపోయింది", "చల్లారింది", "చేదుగా ఉంది" అనే మాటలకు వెంటనే పరిష్కారం దొరుకుతుంది. తరువాత ఆ అనుభవాన్ని ఇతరులకు చెప్పేటప్పుడు కూడా వెళ్లిన రోజు, గంట, తీసుకున్న భాగం, చెప్పినప్పుడు వారు ఏమి చేశారన్నది కలిపి చెబితే, వినేవారికి అది నిజంగా ఉపయోగపడుతుంది.

మిగిలినదాన్ని ఇంటికి తెచ్చుకుంటే వడ్డించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడుకోండి. కోయని ముక్కగానే అడిగి తెచ్చుకుంటే ఆరిపోదు. మళ్లీ వేడి చేసేటప్పుడు రెండు చెంచాల నీళ్లు గానీ మాంసపు రసం గానీ చిలకరించి, రేకు కాగితంలో గట్టిగా చుట్టి, ఓవెన్‌లో తక్కువ మంట మీద లోపల 74 డిగ్రీలు వచ్చేవరకు ఉంచి, అప్పుడు పీచుకు అడ్డంగా కోసుకోవాలి.