‘కళ్లకద్దుకోవడం’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

కొండ మీది లడ్డూలో చిటికెడు ముక్క చేతిలో పెడితే తిరుపతిలో ఎవరూ నేరుగా నోట్లో వేసుకోరు. కళ్లకద్దుకుని వేసుకుంటారు. ‘పవిత్రంగా భావించాడు’ అని రాసేచోట చాలాసార్లు ఈ ఒక్క క్రియ చాలు.

అద్దడం అంటే తేలిగ్గా తాకించడం. గాయానికి దూది అద్దుతాం, ఇడ్లీని చట్నీలో అద్దుకుంటాం. బట్ట మీద అచ్చు ఒత్తితే అద్దకం. (పెడన కలంకారీ అద్దకమే, మన శ్రీకాళహస్తిది కలంతో గీసే పని, దాన్ని అద్దకం అనకండి.) కళ్లకు + అద్దుకొను, ఉత్వసంధితో కళ్లకద్దుకొను. విడదీసి ‘కళ్లకు అద్దుకున్నాడు’ అన్నా సరే. ‘కళ్లక అద్దుకున్నాడు’ మాత్రం తప్పు. కథలో చిత్తూరు వైపు పల్లె మనిషి చేత మాట్లాడిస్తుంటే ‘కండ్లకద్దుకో నాయనా’ అనిపించండి.

ఎక్కువమంది జారేది ‘కొను’ దగ్గర. ‘ప్రసాదాన్ని కళ్లకద్దాడు’ అంటే ఎవరి కళ్లకు? తల్లి హారతి తీసుకుని చంకలో బిడ్డ కళ్లకు అద్దింది అంటే సరిపోతుంది. తన కళ్లకైతే అద్దుకోవాల్సిందే.

ఈ క్రియకు కర్మగా మనిషి రాకూడదు, వస్తువే రావాలి. ‘గురువుగారిని కళ్లకద్దుకున్నాడు’ కుదరదు, ‘గురువుగారి పాదధూళిని’ అనాలి. హారతి ఒక వింత: మంట మీద చాపిన అరచేతులే కళ్లను తాకుతాయి, అయినా ‘హారతి కళ్లకద్దుకున్నాడు’ అనే అంటాం. కుంకుమ, విభూతి పొట్లాలనూ కళ్లకద్దుకుంటాం గానీ, పొడి కళ్లలో పడకుండా విప్పకముందే.

గుళ్లో అన్నిటికీ ఇదే క్రియ తగిలించకండి. తీర్థం పుచ్చుకుంటారు, శఠారి పెట్టించుకుంటారు, అక్షింతలు తల మీద వేసుకుంటారు, మొక్కు తీర్చుకుంటారు.

గుడి బయటా దీనికి పని ఉంది. పొద్దున్నే పూలమ్మే ఆమె బోణీ నోటును కళ్లకద్దుకుంటుంది. కాలు తగిలిన పుస్తకాన్ని తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుంటాం. మాటవరసకు వాడేటప్పుడు మాత్రం చేతికందే వస్తువు లేకపోయినా చెల్లుతుంది: ‘ఆ ఉద్యోగం ఇస్తే కళ్లకద్దుకుని చేస్తాడు’. ఇక్కడ ‘గుండెకు హత్తుకుని’ అంటే అర్థం మారుతుంది. అందులో ప్రేమ ఉంది, ‘ఇది నాకంటే పెద్దది’ అన్న తగ్గింపు లేదు. ఆ తగ్గింపు వల్లే వెటకారానికీ బాగా పనికొస్తుంది: ‘చల్లారిన కాఫీ ఇచ్చాడు, కళ్లకద్దుకుని తాగమంటావా?’