మన ఊరి చర్చిని చదవడం – 4వ పాఠం: కుర్చీ ఎక్కడుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? శంకుస్థాపన రాయి మీది రాతను అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లు అదే నోట్‌బుక్‌తో ఈసారి లోపలికి రండి. ఈ పాఠం కథీడ్రల్ గురించి.

చర్చి పెద్దదైతే కథీడ్రల్ అని మనలో చాలామంది అనుకుంటాం. కాదు. గ్రీకులో 'కతెద్రా' అంటే కూర్చునే ఆసనం. బిషప్పు గారి ఆసనం ఉన్న చర్చే కథీడ్రల్, అది ఎంత చిన్నదైనా సరే. మన కతోలికులు బిషప్పును మేత్రాణులంటారు, ఆయన ఏలుబడిలోని ప్రాంతాన్ని మేత్రాసనం అంటారు. ఆసనం ఆ మాటలోనే కూర్చుని ఉంది.

మెదక్ సంగతి చూడండి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ ఆలయాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆ మిషన్‌కు అప్పట్లో బిషప్పు లేరు. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం ఏర్పడ్డాకే బిషప్పు వచ్చారు, కుర్చీ వచ్చింది. అంతకుముందు ఇరవై మూడేళ్లూ అదే రాయి, అదే గోపురం, కానీ కథీడ్రల్ కాదు. అందుకే మీ నోట్‌బుక్‌లో కట్టిన సంవత్సరం ఒక గడిలో, కుర్చీ వచ్చిన సంవత్సరం ఇంకో గడిలో వేయండి. రెండూ కలిపేస్తే చరిత్ర తప్పుతుంది.

కతోలిక కథీడ్రల్‌లో బలిపీఠం దగ్గర కుర్చీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకటి మిగతావాటికి ఎడంగా, కాస్త ఎత్తులో, కదలకుండా ఉంటుంది. వీపు ఆనే చోట చిహ్నం ఉందేమో చూడండి. బిషప్పు గారు లేనిరోజు పూజ చేసే ఫాదర్ గారు వేరే కుర్చీలో కూర్చుంటారు, అది మాత్రం ఖాళీగానే ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. ఫొటో తీయాలంటే అడిగి తీయండి.

మన డెల్టాలో ఇంకో జాగ్రత్త అవసరం. 1836లో వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ బ్రదరెన్ సంఘాలది. నరసాపురం, పాలకొల్లు వైపు ఆ సంఘాల్లో బిషప్పు ఉండరు. పెద్దలే సంఘాన్ని నడిపిస్తారు, ఆదివారం అందరూ కలిసి రొట్టె విరుస్తారు. కాకినాడ వైపు బాప్టిస్టులకూ బిషప్పు లేరు. అక్కడ ఎంత పెద్ద మందిరం కనిపించినా కథీడ్రల్ అని రాయకండి. వాళ్ల విశ్వాసాన్నే తప్పుగా రాసినట్టవుతుంది.

ఇక అసలు పని, నూనె దారి గీయడం. పవిత్ర వారంలో, అంటే ఈస్టరుకు ముందు వారంలో, మేత్రాసనంలోని గురువులంతా, అంటే ఫాదర్లంతా, కథీడ్రల్‌కు చేరతారు. బిషప్పు గారు మూడు నూనెలు సిద్ధం చేస్తారు: ఒకటి జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి) సిద్ధపడేవాళ్లకు, ఒకటి రోగులకు, మూడోది సుగంధం కలిపిన అభిషేక తైలం. అవి అక్కడినుంచి విచారణలన్నిటికీ వెళ్తాయి. విచారణ అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే స్థానిక సంఘం. చిన్నప్పుడు మా ఊరి ఫాదర్ గారు ఏలూరు బస్సు దిగడం చూశాను. ఒళ్లో పెట్టుకుని తెచ్చిన చేతిసంచిలో, తెల్ల తువ్వాలులో చుట్టిన మూడు చిన్న సీసాలు. సంచి అందుకోబోతే ఇవ్వలేదు. ఆ ఏడాది మా వీధిలో పుట్టిన పిల్లల నుదుటికీ, మంచాన పడ్డ మా తాతయ్య అరచేతులకూ రాసింది ఆ నూనే. కథీడ్రల్ అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

మీ విచారణకు నూనె ఏ ఊరినుంచి, ఏ దారిన, ఎవరి చేతుల్లో వస్తుందో కాగితం మీద గీయండి. పెద్దవాళ్లను అడిగితే పాత దారి కూడా తెలుస్తుంది. 1976లో ఏలూరు మేత్రాసనాన్ని విజయవాడ నుంచి విడదీశారు, కాబట్టి అంతకుముందు పశ్చిమ గోదావరి విచారణల చూపు విజయవాడ వైపు ఉండేది. రెండు దారులూ రెండు రంగుల్లో వేయండి.

తర్వాత గేటు బయటికి రండి. ఊరికి ఆ చర్చితో ఏం పని? ఆటోవాళ్లు ఆ స్టాప్‌ను ఏమని పిలుస్తారు, గంట విని పొయ్యి వెలిగించే ఇల్లు ఏదైనా ఉందా, కాంపౌండులోని బడిలో క్రైస్తవేతరుల పిల్లలు ఎందరు చదివారు? ముఖ్యంగా ఒక్క ప్రశ్న వదలొద్దు: 1996 నవంబరు 6 తుపాను రాత్రి ఆ గోడల మధ్య ఎవరెవరు తలదాచుకున్నారు? ముస్లిం ఇళ్లలో, హిందూ ఇళ్లలో కూడా అడగండి. చెప్పింది చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

వచ్చే పాఠంలో జ్ఞానస్నాన రిజిస్టరు చదవడం నేర్చుకుందాం. పాత సిరా బాగా వెలిసిపోయి ఉంటుంది, భూతద్దం ఉంటే తెచ్చుకోండి.