పోలిక కుదరకపోతే ఫొటో తలకిందులుగా పెట్టి గీయండి

ఫొటో ఎదురుగా పెట్టుకుని గీసినా పోలిక రాదు, చెరిపి చెరిపి చార్టే చిరిగిపోద్ది. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు రామమూర్తి గారి బొమ్మ కావాలని మా అమ్మాయి కూర్చుంది, ఆయన ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు కదా మరి, అలా రెండు చార్టులు పోయాయి.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఒడియా చదవడం రాని రోజుల్లో షాపు బోర్డుల మీద అక్షరాలు నేను అచ్చం దించేసేదాన్ని, అర్థం తెలీదు కాబట్టి మెలిక ఎలా ఉంటే అలాగే కనపడేది. ముఖం దగ్గర అలా కాదు, "ఇది కన్ను" అని తెలియగానే చెయ్యి మనకి అలవాటైన కన్నే గీసేస్తాది.

అందుకని ఫొటో ఏ4 సైజులో ప్రింట్ తీసి, దాని మీద 2 సెంటీమీటర్ల గళ్ళు, చార్టు మీద 4 సెంటీమీటర్ల గళ్ళు పల్చగా గీసి, ఫొటో తలకిందులుగా పెట్టండి. పై గడి నుంచి మొదలెట్టి గీత ఎక్కడ వంగింది, మధ్యలో ఖాళీ ఎంతుంది అన్నదే చూడండి, ముక్కు చెవి అని పేర్లు అనుకోవద్దు, మధ్యలో తిప్పి చూడొద్దు. మూడో చార్టు మీద పోలిక చక్కగా వచ్చింది, ఎంత సంతోషం వేసిందో.

ఒక్క జాగ్రత్త. కళ్ళు, పెదాల ఫైనల్ చెకింగ్ మాత్రం నిటారుగా పెట్టే చెయ్యాలి. 1980లో పీటర్ థాంప్సన్ అనే ఆయన అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫొటోలో కళ్ళు, నోరు మాత్రమే తిరగేసి చూపించారు, ముఖం తలకిందులుగా ఉన్నంతసేపు ఆ తప్పు దాదాపు కనపడదు, నిటారుగా తిప్పితే భయంకరంగా ఉంటాది.