వైట్‌వాటర్ కయాకింగ్ – 5వ పాఠం: గేటు టైము, నీటి టైము

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క. 2,800 క్యూసెక్కులు ఎన్ని క్యూమెక్కులని అడిగాను. (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు, క్యూమెక్కు అంటే సెకనుకి ఒక ఘనపు మీటరు నీరు.) ఒక క్యూమెక్కుకి 35.3 క్యూసెక్కులు కాబట్టి జవాబు 79. ఈ మార్పిడి నోటికి వచ్చేయాలి. ఒక దేశపు గైడులో 80 అని ఉంటే అది నిండు ప్రవాహం కావచ్చు, ఇంకో దేశపు గైడులో అదే 80 అంటే పడవ అడుగు రాళ్ళకి గీసుకుపోయే నీరు కావచ్చు. అంకె చూడగానే పక్కన ఏ కొలత రాశారో చూడటం అలవాటు చేసుకోండి.

ఆ 2,800 నేను ఊరికే ఎంచుకున్న అంకె కాదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో గాలీ నది మీద సమర్స్‌విల్ డ్యామ్ ఉంది. శీతాకాలపు వరదలకు చోటు ఉండాలని ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆ జలాశయాన్ని కిందికి దించుతారు. ఎలాగూ వదలాల్సిన నీటిని వారాంతాల్లో, ముందే చెప్పిన వేళల్లో, సుమారు ఆ స్థాయిలో వదిలేలా 1986లో అమెరికా కాంగ్రెస్ చట్టమే చేసింది. ప్రపంచం నలుమూలల నుంచి కయాకర్లు, అంటే ఉరవడి నీటిలో చిన్న పడవలు తెడ్డుతో నడిపేవాళ్ళు, ఆ వారాలకి అక్కడికి చేరతారు. ముందే ప్రకటించిన విడుదల మనకి ఇంత విలువైనది. వానని నమ్ముకోకుండా, నెలల ముందు సెలవు పెట్టుకుని వెళ్ళగలిగే నదులు ఇలాంటివే.

ప్రకటించిన విడుదలల్లో రెండు రకాలు ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. మొదటిది, విద్యుత్ కేంద్రానికి దిగువన వచ్చే నీరు. టర్బైన్లు తిరిగితే నీరు ఉంటుంది, ఆగితే ఉండదు. కరెంటు గిరాకీని బట్టి ఈ వేళలు మారిపోతుంటాయి. రెండోది, డ్యామ్‌కీ విద్యుత్ కేంద్రానికీ మధ్య ఉండే పాత నదీగర్భం. టెనసీలోని ఒకోయీ నది మీద రెండో నంబరు డ్యామ్ దగ్గర నీటిని కొండ అంచున కట్టిన చెక్క కాలువ గుండా విద్యుత్ కేంద్రానికి తీసుకుపోతారు. మామూలు రోజుల్లో నది దాదాపు ఎండే ఉంటుంది. విడుదల రోజున నీటిని కాలువకి కాకుండా నదికే వదిలిపెడతారు. ఈ రెండో రకంలో ముందే ఒప్పుకున్న తేదీలు ఉంటాయి కాబట్టి కార్యక్రమం అంత తేలిగ్గా మారదు. కానీ ఎండిన నదీగర్భంలోకి వచ్చే నీటి నడక వేరుగా ఉంటుంది. ఈ పాఠమంతా దాని గురించే.

విడుదల పట్టికలో రాసే వేళ గేటుది. ఉదయం 8 గంటలు అంటే 8 గంటలకి గేటు ఎత్తుతారని అర్థం. మీరు దిగే రేవు దగ్గరికి ఆ నీరు ఎప్పుడొస్తుందో పట్టిక చెప్పదు. రైలు మొదటి స్టేషన్లో ఎప్పుడు కదులుతుందో తెలిసినంత మాత్రాన మన స్టేషన్లో ఎప్పుడు ఎక్కాలో తెలియదు కదా! పైగా ఈ రైలుకి తల ఒక వేగంతోనూ తోక ఇంకో వేగంతోనూ వెళ్తుంది. ఈ పాఠంలో కష్టమైన సంగతి ఇదొక్కటే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

గేటు ఎత్తగానే బయల్దేరిన నీటి ముందు భాగాన్ని తల అందాం. ఎండిన నదిలో తల దారిలో ఉన్న ప్రతి మడుగునీ నింపుకుంటూ, ఇసుకనీ రాళ్ళ సందుల్నీ తడుపుకుంటూ వెళ్ళాలి. అందుకే అది నెమ్మదిగా పోతుంది. మడుగులు ఎక్కువున్న నదిలో ఇంకా నెమ్మది. గేటు మూసినప్పుడు మొదలయ్యే తగ్గుదలని తోక అందాం. తోక మొదలయ్యే సరికి మడుగులన్నీ నిండి ఉన్నాయి, నది పారుతోంది. నిండు నదిలో మట్టం మార్పు నీటికన్నా వేగంగా, చాలాసార్లు దాదాపు ఒకటిన్నర రెట్ల వేగంతో, దిగువకి ప్రయాణిస్తుంది. కాబట్టి నీటి వాలుకి తేలుతూ పోయే పడవని తోక వెనక నుంచి వచ్చి అందుకుంటుంది. ఫలితమేమిటంటే, డ్యామ్ దగ్గర 5 గంటలు ఉన్న నీరు కింది రేవు దగ్గర 5 గంటలు నిండుగా ఉండదు. దిగువకి వెళ్ళేకొద్దీ వాడుకోదగ్గ సమయం కుంచించుకుపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఊహించుకున్న నది ఒకటి తీసుకోండి. గేటు ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా తెరిచి ఉంటుంది. దిగే రేవు డ్యామ్‌కి 3 కిలోమీటర్ల కింద, గట్టెక్కే రేవు 21 కిలోమీటర్ల కింద ఉన్నాయి. తల గంటకి 3 కిలోమీటర్లు, తోక గంటకి 6 కిలోమీటర్లు పోతాయి. మీ బృందం ర్యాపిడ్లని (నీరు రాళ్ళ మధ్య ఉరవడిగా దూకే చోట్లని) గట్టు మీంచి చూసుకుంటూ, తినడానికి ఆగుతూ, సగటున గంటకి 4 కిలోమీటర్లు వెళ్తుంది. అంటే 18 కిలోమీటర్లకి నాలుగున్నర గంటలు.

తల దిగే రేవుకి 9 గంటలకి వస్తుంది. గట్టెక్కే రేవుకి చేరేది మధ్యాహ్నం 3 గంటలకి. తోక దిగే రేవుకి ఒంటిగంటన్నరకి, గట్టెక్కే రేవుకి నాలుగున్నరకి. పైన నాలుగున్నర గంటల నీరు, కింద గంటన్నర నీరు!

ఇప్పుడు 9 గంటలకి నీరొచ్చింది కదా అని ఉత్సాహంగా తొమ్మిదిన్నరకి దిగారనుకోండి. అప్పటికి తల మీకన్నా కిలోమీటరున్నర ముందుంది. మీరు దానికన్నా గంటకి ఒక కిలోమీటరు ఎక్కువ వేగంతో వెళ్తున్నారు. సరిగ్గా గంటన్నరకి, 11 గంటలప్పుడు, డ్యామ్ నుంచి 9 కిలోమీటర్ల దగ్గర తలని పట్టేస్తారు. ఆ తర్వాత మీ ముందు నది లేదు. రాళ్ళు తేలి కనిపిస్తాయి, తెడ్డు వేసిన ప్రతిసారీ అడుగు తగులుతుంది, ఎడ్డీలు (రాళ్ళ వెనక నీరు వెనక్కి తిరిగే చోట్లు) ఉండాల్సిన చోట ఉండవు. ఆగి నీటికోసం కాచుకోవాలి.

అలాగని ఆలస్యంగా పన్నెండున్నరకి దిగితే మూడున్నరకి, 15వ కిలోమీటరు దగ్గర, తోక మిమ్మల్ని దాటుతుంది. ఇంకా 6 కిలోమీటర్లు తగ్గిపోతున్న నీటిలో వెళ్ళాలి. తగ్గే నీరు పెరిగే నీరంత ప్రమాదం కాదు గానీ, అలసిన బృందానికి చివరి ర్యాపిడ్లలో తేలిన రాళ్ళు పెద్ద పరీక్ష. తెడ్డు ఇరుక్కోవడం, పడవ రాయికి అడ్డం పడి అతుక్కుపోవడం ఇక్కడే ఎక్కువ.

మరి ఎప్పుడు దిగాలి? గట్టెక్కే రేవు నుంచి వెనక్కి లెక్క వేయండి. తల అక్కడికి 3 గంటలకి వస్తుంది. మట్టం నిలకడ పడటానికి అరగంట కలపండి, మూడున్నర. అందులోంచి నాలుగున్నర గంటలు తీస్తే 11. అంతకు ముందు దిగకూడదు. తోక అక్కడికి నాలుగున్నరకి వస్తుంది. నాలుగున్నర గంటలు తీస్తే 12, ఏదైనా ఆలస్యం జరిగితే అని అరగంట తీస్తే పదకొండున్నర. మీకున్నది 11 నుంచి పదకొండున్నర దాకా అరగంట మాత్రమే. పట్టికలో 5 గంటల విడుదల చూసి ఎంచుకున్న ప్రయాణం దిగే దగ్గర అరగంట వ్యవధిగా తేలింది. బట్టలు మార్చుకోవడం, బండ్లని కింది రేవులో పెట్టి రావడం, అందరూ మాట్లాడుకోవడం అంతా దానికి ముందే అయిపోవాలి. మీ బృందం తలకన్నా నెమ్మదిగా వెళ్ళేదైతే ముందు దిగే సమస్య ఉండదు, తోక ఒక్కటే చూసుకుంటే చాలు. అందుకే బృందం వేగాన్ని నిజాయతీగా రాసుకోండి. అందరిలోకీ నెమ్మదిగా వెళ్ళే మనిషి వేగమే బృందం వేగం.

ఈ తల, తోకల వేగాలు ఎక్కడ దొరుకుతాయి? నది మీద ఉన్న నీటిమట్టం కొలిచే కేంద్రాల గ్రాఫుల్లో. గతంలో ఇదే పరిమాణంలో జరిగిన విడుదల ఒకటి వెతకండి. డ్యామ్ దగ్గరి గ్రాఫులో గీత లేచిన క్షణం, కింది కేంద్రంలో గీత లేచిన క్షణం చూసి తేడా తీయండి. దూరాన్ని దాంతో భాగిస్తే తల వేగం వస్తుంది. గీత దిగడం మొదలైన క్షణాలతో తోక వేగం విడిగా తీయండి. ఒకదాని వేగం రెండోదానికి వాడొద్దు. అమెరికాలో ఇలాంటి కేంద్రాలు చాలావరకు 15 నిమిషాలకోసారి కొలిచి, గంటకోసారి పంపుతాయి. తెర మీద చూసే అంకె గంట పాతది కావచ్చని గుర్తుంచుకోండి. ఇంకో సంగతి: సీజన్లో మొదటి రోజు విడుదలకీ, దాని మరుసటి రోజు విడుదలకీ తల వేగం ఒకటి కాదు. మొదటి రోజున నదీగర్భం ఎండి ఉంటుంది, రెండో రోజుకి మడుగులు సగం నిండే ఉంటాయి. ఏ రోజు గ్రాఫు చూస్తున్నారో తేదీతో సహా రాసుకోండి.

లెక్క ఎంత బాగా వేసినా రేవు దగ్గర కళ్ళతో సరిచూసుకోవాలి. దానికి నేను చేసేది చాలా చిన్న పని. రేవుకి రాగానే నీటి అంచున, తడికీ పొడికీ సరిగ్గా మధ్యన, గుప్పెడంత రాయి ఒకటి పెడతాను. గేర్ వేసుకుంటూ దాన్నే గమనిస్తాను. తల వచ్చేటప్పుడు ముందు ఆకులు, పుల్లలు, గోధుమరంగు నురగ కొట్టుకొస్తాయి. నీరు మసకబారుతుంది. తర్వాత రాయి మునుగుతుంది. మునగగానే రెండో రాయి కొత్త అంచున పెడతాను. ఆ రెండో రాయి పావుగంటపాటు మునగకుండా, పొడిలో తేలకుండా అంచునే ఉంటే మట్టం నిలకడ పడిందని లెక్క. చెత్త కొట్టుకొచ్చే ఆ మొదటి నీటిలో మాత్రం ఎవరూ దిగకండి. విరిగిన కొమ్మలు ఎక్కడ చిక్కుకుంటాయో ఎవరికీ తెలియదు.

నీటి చలి గురించి కూడా ఒక మాట. చాలా డ్యాములు నీటిని జలాశయం అడుగు నుంచి వదులుతాయి. పైన ఎండ మండిపోతున్నా అడుగు నీరు చల్లగా ఉంటుంది. వాతావరణం చూసి బట్టలు ఎంచుకోకండి, నీటి ఉష్ణోగ్రత చూసి ఎంచుకోండి.

ప్రకటించిన విడుదల తప్పకుండా జరిగేది కాదు. వానలు లేక జలాశయంలో నీళ్ళు తగ్గినా, ఎక్కువై వరద వచ్చినా, టర్బైన్ చెడిపోయినా రద్దవుతుంది. ముందు రోజు సాయంత్రం ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి డ్యామ్ నిర్వాహకుల సమాచారం చూడండి. రద్దయితే ఎక్కడికి వెళ్ళాలో ముందు రాత్రే నిర్ణయించుకోండి. రేవులో నిలబడి, నీరు లేని నదిని చూస్తూ తీసుకునే నిర్ణయాలు సాధారణంగా మంచివి కావు.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పట్టికలో లేని విడుదలలు కూడా ఉంటాయి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్ళతో వచ్చిన టూర్ నిర్వాహకుడు ఒకరు ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్ళిన పిల్లలు వాళ్ళు. ఆ వీడియో చూసిన వాళ్ళకి నీరు ఎంత త్వరగా పెరుగుతుందో మళ్ళీ చెప్పక్కర్లేదు. కాబట్టి డ్యామ్ కింద నదిలో భోజనానికి ఆగితే నది మధ్య రాయి మీద ఎప్పుడూ కూర్చోకండి, అది ఎంత బాగున్నా సరే. గట్టుకి అతుక్కుని ఉన్న చోటే, వెనక పైకెక్కే దారి ఉన్న చోటే ఆగండి. పడవల్ని కూడా మట్టానికి బాగా పైకి లాగండి. సైరన్ మోగితే సామాను సంగతి తర్వాత, ముందు మనుషులు గట్టెక్కాలి. మోగకపోయినా ఆకులు, పుల్లలు, మసక నీరు కనిపిస్తే అదే సైరన్ అనుకోండి.

ఇంటిపని. గేటు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 దాకా తెరిచి ఉంటుంది. దిగే రేవు 2 కిలోమీటర్ల దగ్గర, గట్టెక్కే రేవు 14 కిలోమీటర్ల దగ్గర. తల వేగం గంటకి 4 కిలోమీటర్లు, తోక వేగం 6, మీ బృందం వేగం 3. నిలకడకి అరగంట, ఆలస్యానికి అరగంట పెట్టుకుని, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా దిగవచ్చో చెప్పండి. తర్వాత ఇంకో ప్రశ్న: గేటు 40 నిమిషాలు ఆలస్యంగా ఎత్తి, మూసే వేళ మాత్రం మార్చకపోతే ఆ రోజు దిగుతారా, మానేస్తారా? ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. ఆరో పాఠాన్ని ఆ జవాబుతో మొదలుపెట్టి, బండ్లని రెండు రేవుల మధ్య ఎలా తిప్పుకోవాలో చూద్దాం.