కుక్క గుండె లయను ఇంట్లోనే నమోదు చేయడం

ఆసుపత్రి గుమ్మం తొక్కగానే మా 11 ఏళ్ల స్పిట్జ్ వణికిపోతుంది. అక్కడ తీసిన ఈసీజీలో భయం తప్ప గుండె అసలు లయ తెలిసేది కాదు. ఇప్పుడు పశువైద్యుడి సలహాతో, ఫోనుకు అనుసంధానమయ్యే కార్డియామొబైల్ పరికరంతో ఇంట్లోనే తీస్తున్నాం.

దట్టమైన బొచ్చే పెద్ద అడ్డంకి. ఎడమ ముందుకాలి మోచేయి వెనుక, గుండె చప్పుడు వేళ్లకు తగిలే చోట బొచ్చును పాయ తీసి చర్మం కనిపించేలా చేయాలి. అక్కడ బఠాణీ గింజంత ఈసీజీ జెల్‌ను రెండు చోట్ల విడివిడిగా రాయాలి. రెండూ కలిసిపోతే ఫోనులో కనిపించే ఈసీజీ గీత చెడుతుంది. పరికరంలోని రెండు లోహపు బిళ్లలూ జెల్‌పై ఆనేలా మెత్తగా అదిమి, 30 సెకన్లు కదపకుండా ఉంచాలి. ఒకే లీడ్ ఉన్న రకమైతే, అంటే గుండె విద్యుత్ సంకేతాన్ని ఒకే కోణం నుంచి నమోదు చేసేదైతే, సంకేతాన్ని శబ్దంగా పంపుతుంది కాబట్టి, ఫోను అడుగు దూరంలోపే ఉండాలి, టీవీ కట్టేయాలి. మధ్యాహ్నం తిని, కాళ్లు చాపి పడుకున్న వేళ మాకు బాగా కుదురుతోంది. గీతలోని ఎత్తైన మొనలను లెక్కించి రెండింతలు చేస్తే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెలుస్తుంది.

రొప్పుతున్నా, వణుకుతున్నా గీత పనికిరాదు. యాప్ ఇచ్చే తీర్పునూ నమ్మకండి, అది మనుషుల గుండె కోసం తయారైనది. కుక్కల్లో ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరిగి, వదిలినప్పుడు తగ్గడం సహజమే, యాప్ దాన్నీ లోపమని చెప్పవచ్చు. గీతను మాత్రం వైద్యుడికి పంపండి. కుక్క స్పృహ తప్పితే ఫోను వెతుక్కోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.