నంబర్ వదిలేసే టూల్‌కు డాక్యుమెంటేషన్ ఎలా రాయాలి?

ఏఐ ఏజెంట్ (మనం చెప్పిన పనిని టూల్స్ పిలిచి తనే చేసిపెట్టే ప్రోగ్రామ్) చేతికి ఫోన్ నంబర్లు కొనే, వదిలేసే టూల్ ఇవ్వడం మాదాపూర్ ఆఫీసుల్లో మామూలైపోయింది. కోడ్ బాగానే రాస్తారు. ఆ టూల్ ఏం చేస్తుందో ఏజెంట్‌కు చెప్పే వివరణ దగ్గరికి వచ్చేసరికి 'ఫోన్ నంబర్‌ను రిలీజ్ చేస్తుంది' అని ఒక్క లైను రాసి చేతులు దులుపుకుంటారు. ఆ లైను చదివిన మనిషికి అనుమానమొస్తే పక్క సీటువాణ్ని అడుగుతాడు. ఏజెంట్‌కు పక్క సీటు లేదు. దానికున్నదల్లా మీరు రాసిన ఆ లైనే.

కావలసినవి: ఒక టెస్ట్ అకౌంట్, పోయినా ఫరవాలేని రెండు మూడు నంబర్లు, మీకు నంబర్లు ఇచ్చే ప్రొవైడర్ షరతుల పేజీ. అంతే.

1. టూల్‌ను విడదీయండి. 'మేనేజ్ నంబర్' అని ఒకే టూల్ పెట్టి, చూడటం, ఆపడం, వదిలేయడం అన్నీ అందులో కుక్కకండి. ఎంసీపీలో (ఏజెంట్‌కు టూల్స్ తగిలించే ప్రామాణిక పద్ధతి) రీడ్ ఓన్లీ (చూడటం మాత్రమే), డిస్ట్రక్టివ్ (చెరిపేసేది) లాంటి గుర్తులు టూల్ మొత్తానికి వర్తిస్తాయి, లోపలి ఒక్కో పనికి కాదు. పైగా అవి సూచనలు మాత్రమే, తాళాలు కావు.

2. నంబర్ ఫార్మాట్ చెప్పండి. ఎప్పుడూ స్ట్రింగే, అంటే అంకెగా కాక అక్షరాల వరుసగా. ఈ.164 అనే అంతర్జాతీయ నంబర్ పద్ధతిలో ముందు ప్లస్, తర్వాత దేశం కోడ్, మొత్తం 15 అంకెలు దాటకూడదు. హైదరాబాద్ ల్యాండ్‌లైన్‌కు మనం రాసుకునే 040లోని మొదటి సున్నా అందులో ఉండదు: +91 40, ఆపైన 8 అంకెలు. ఈ ఉదాహరణ ఒక్కటి పెడితే చాలు.

3. వదిలేసే టూల్ వివరణ రాయండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

మొదటి వాక్యమే ఇలా ఉండాలి: 'ఈ నంబర్‌ను శాశ్వతంగా వదిలేస్తుంది, మళ్లీ వెనక్కి తెచ్చే దారి లేదు.' కింద ఎక్కడో 'గమనిక' అని పెడితే కుదరదు. పొడవాటి వివరణలను మధ్యలో కత్తిరించే క్లయింట్లు (ఏజెంట్ నడిచే యాప్‌లు) కూడా ఉన్నాయి. అలాగని 'వార్నింగ్' అని ఆరుసార్లు అరవకండి. అలా రాస్తే ఏజెంట్ బెదిరిపోయి నంబర్ల లిస్టు చూపించడానికి కూడా పర్మిషన్ అడుగుతుంది. విసిగిపోయిన యూజర్ చదవకుండా 'ఓకే' నొక్కడం అలవాటు చేసుకుంటాడు.

తర్వాత, నంబర్‌తో పాటు ఏమేం పోతాయో రాయండి. అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్ ఉందనుకోండి. ఫ్లెక్సీల మీద, కరపత్రాల మీద అదే నంబర్. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, వాట్సాప్ దాని మీదే నడుస్తుంది. డేటాబేస్‌లో మాత్రం 'అవుట్‌గోయింగ్ కాల్స్ లేవు' అని కనిపిస్తుంది. ఖర్చు తగ్గించమంటే ఏజెంట్ ముందు దాని మీదే పడుతుంది. అందుకే 'కాల్స్ లేకపోవడం వదిలేయడానికి కారణం కాదు' అని విడిగా ఒక వాక్యం ఉండాలి.

ఇంకో చిక్కు ఉంది. డీయాక్టివేట్ అయిన మొబైల్ నంబర్‌ను కనీసం 90 రోజుల వరకు మరొకరికి ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ సంగతి నిజమే అయినా డాక్యుమెంటేషన్‌లో పెట్టకండి. మీరు రాసేది 'మరొకరికి ఇవ్వరు' అని, ఏజెంట్ అర్థం చేసుకునేది 'అప్పటిదాకా మనం వెనక్కి తెచ్చుకోవచ్చు' అని. ఆశ పుట్టించే అంకె ఏదీ ఈ వివరణలో ఉండకూడదు.

ఇక 'కన్ఫర్మ్' అనే పారామీటర్, అంటే టూల్‌ను పిలిచేటప్పుడు నింపాల్సిన గడి. దానికి ట్రూ అని పెడితే పని జరిగేలా చేసి, జాగ్రత్త తీసుకున్నామనుకుంటారు. ఆ ట్రూ నింపేది ఏజెంటే కదా! నంబర్ చివరి నాలుగు అంకెలు అడిగినా అంతే, లిస్టులోంచి చూసి తనే వేసేస్తుంది. మనిషి నొక్కితేనే పుట్టే టోకెన్ (అనుమతి కోడ్) పెట్టండి. ఒక టోకెన్ ఒక నంబర్‌కే, ఒక్కసారికే. 'ఈ టోకెన్‌ను యూజర్ స్క్రీన్ మీద నొక్కినప్పుడు మాత్రమే సర్వర్ ఇస్తుంది, ఊహించి నింపితే చెల్లదు' అని వివరణలో రాయండి. లేదంటే టోకెన్ కోసం ఏజెంట్ కనబడ్డ ప్రతి టూల్‌నూ పిలుస్తూ కూర్చుంటుంది.

చివరగా ప్రత్యామ్నాయం చూపించండి: 'కొన్నాళ్లు ఆపాలంటే సస్పెండ్ టూల్, కాల్స్ మళ్లించాలంటే ఫార్వర్డ్ టూల్ వాడు.' వద్దని మాత్రమే చెప్పి వదిలేస్తే ఏజెంట్ తిరిగి తిరిగి అదే టూల్ దగ్గరికి వస్తుంది.

4. ఎర్రర్ మెసేజ్‌లు కూడా డాక్యుమెంటేషనే. టైమవుట్ (సమయానికి జవాబు రాకపోవడం) వస్తే 'మళ్లీ పిలవకు, ముందు లిస్టులో నంబర్ ఉందో లేదో చూడు' అని రాయండి. 404 (అడిగింది దొరకలేదనే ఎర్రర్) వస్తే 'నంబర్ ఈ అకౌంట్‌లో లేదు, దగ్గరగా ఉన్న మరో నంబర్‌తో ప్రయత్నించకు' అని రాయండి. రెండోది అతి అనిపిస్తుంది కానీ ఉండాల్సిందే.

5. టెస్ట్ చేయండి, మన భాషలోనే. నీటైన ఇంగ్లిష్ వాక్యాలతో టెస్ట్ చేసి పాసైందనుకుంటారు. ఇక్కడి యూజర్ అలా మాట్లాడడు. 'అన్నా, ఆ పాత నంబర్ తీసెయ్', 'ఈ నెల బిల్లు ఎక్కువొచ్చింది, ఏదో ఒకటి చెయ్', 'దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి మూసేశాం' లాంటివి టైప్ చేయండి. మూడింటికీ ఏజెంట్ ఎదురు ప్రశ్న వేయాలి, నంబర్ పూర్తిగా చదివి వినిపించాలి. ఒక్కదానికైనా నేరుగా వదిలేసే టూల్‌ను పిలిచిందంటే మూడో స్టెప్‌కు వెళ్లి మళ్లీ రాయండి. అసలు నంబర్లున్న అకౌంట్ కీని అప్పటిదాకా ఈ టూల్ నడిచే సర్వర్‌లో పెట్టకండి.